సావిచ్ టోపీ పెట్టిన కుర్చీ

క్రెమెంచుక్,
గురువారం

యారిన్కా, నా చిట్టితల్లీ,

ఉత్తరాలు రాసే అలవాటు నాకు లేదని నీకు తెలుసు. బడి వదిలాక నేను రాసిందల్లా బేకరీలో సంతకాలు, ఈస్టర్‌కి మీ అత్తకి ఒక కార్డు. అయినా ఈ రోజు కలం పట్టాను. ఫోనులో నీతో మాట్లాడాలంటే వంటింట్లోనే మాట్లాడాలి. వంటింట్లో మీ నాయనమ్మ ఉంటుంది. ఆవిడకి విమానదాడి సైరను వినపడదు కానీ నేను గుసగుసగా అన్న మాట మాత్రం గోడ అవతలి నుంచైనా వినపడుతుంది. పైగా ఈ మాట నీ ముఖం చూస్తూ నేను చెప్పలేను. మీ కోచ్ సావిచ్ గారు రేపు వార్సా రైలు ఎక్కుతున్నారు. యుద్ధం కదా, అరవై లోపు మగవాళ్ళని దేశం దాటనివ్వరు; ఆయనకి అరవై దాటింది కాబట్టి సరిహద్దులో ఆపరు. ఆయన సంచిలో చెర్రీ జామ్ సీసా పెట్టాను, అది పగలకుండా చుట్టూ ఊలు మేజోళ్ళు పెట్టాను, ఆ మేజోళ్ళలో ఈ ఉత్తరం పెడతాను.

పోయిన వారం నువ్వు నాకు రైలు టికెట్టు పంపావు. వార్సా మనకి దగ్గర, ఒక్కసారి వచ్చి నా టెన్నిస్ ఆట చూడమ్మా అన్నావు. నేను ఎప్పటిలాగే, నేను చూస్తే నువ్వు ఓడిపోతావు, వద్దు తల్లీ అన్నాను. దానికి నువ్వు నెమ్మదిగా అన్నావు: "సరేలే అమ్మా. అందరి అమ్మలూ కూర్చునే చోట సావిచ్ తన టోపీ పెడతాడు. టోపీ అయితే గొడవ చేయదు." ఆ రోజు నుంచి నువ్వు ఫోను నాయనమ్మకే చేస్తున్నావు. నా గురించి అడుగుతున్నావట, బాగుందా అని. బాగానే ఉన్నాను. కానీ నాకు నీ ఆట కంటే నా పట్టింపే ముఖ్యమైపోయిందని నువ్వు అనుకుంటున్నావని తెలిసి, రెండు రోజులుగా పిండి పిసుకుతుంటే చేతులు ఆగిపోతున్నాయి.

మన ఇంట్లో ఆ పట్టింపు ఎలా నడుస్తోందో నీకు సరిగా తెలియదు. నీ ఆట ఉన్న రోజున నాయనమ్మ ఫోనుని చక్కెర డబ్బాకి ఆనించి, కళ్ళజోడు తుడుచుకుని, రాణీలాగా కూర్చుంటుంది. నేను ఆవిడకి వీపు పెట్టి పిండి కలుపుతాను. తెర వైపు తిరగను. ఆవిడ చెప్పింది వింటాను. ఆవిడకి మీ లెక్క ఇప్పటికీ అర్థం కాదు. ఒక్క బంతికి పదిహేను ఇవ్వడమేమిటి, వీళ్ళకి దేనికీ కరువు లేదు అంటుంది. ఎదుటి పిల్ల గట్టిగా అరిస్తే, దీనికెవరో నీళ్ళివ్వండి పాపం అంటుంది. చివరికి కుర్చీ వెనక్కి జరిపి, "అయిపోయింది ఒదార్కా, మనదే" అంటుంది. అప్పుడు నేను పిండి చేతులతోనే సిలువ గుర్తు వేసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. బేకరీలో ఎవరైనా నీ సంగతి ఎత్తితే, నాకు చెప్పకండి అని చేతులు జోడిస్తాను. అందరికీ అలవాటైపోయింది.

నీ ఎదుగుదల అంతా నాకు అలా నాయనమ్మ నోటి నుంచే తెలుసు. గ్యారేజీ గోడకి బంతి కొడుతున్న నిన్ను మీ నాన్న లారీలో ఎక్కించుకుని సావిచ్ గారి దగ్గర దించి రావడం మాత్రం నా కళ్ళతో చూశాను. ఎర్రమట్టి కోర్టు నుంచి వచ్చిన నీ మేజోళ్ళు ఎన్నిసార్లు ఉతికినా తెల్లబడేవి కావు. వాటిని నేను పారేయలేదు. ఆ తర్వాత అంతా విన్నదే. నువ్వు టర్కీలో, ఈజిప్టులో ఆ చిన్న చిన్న పోటీలు ఆడటం, ఎండకి ముక్కు తోలు ఊడటం, పెద్ద పోటీల్లో అడుగుపెట్టడం. యుద్ధం మొదలైన పొద్దున నువ్వు వేసవి బట్టల పెట్టెతో పరాయి ఊళ్ళో ఉండిపోవడం. ఆ రోజు కూడా నువ్వు ఆడావు. ఎలా ఆడావో నాకు ఈ రోజుకీ తెలియదు. పోయిన శరత్తులో నువ్వు ఎవరో చాలా పెద్ద ఆటగత్తెని ఓడించినప్పుడు నాయనమ్మ కేకకి పిండి గిన్నె నా చేతిలోంచి జారి ముక్కలైంది. గిన్నె పగిలితే మంచిదే అంది ఆవిడ. మీ నాన్న యుద్ధం ముందు వరస నుంచి, బతికే ఉన్నానని రోజుకొకసారి ఫోనులో పంపే ప్లస్ గుర్తు, నాయనమ్మ చెప్పే ఆ ఒక్క మాట. ఈ రెండింటితోనే నేను రోజులు వెళ్ళదీస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. ఈ పట్టింపు నిజం కాదు తల్లీ. నేను కల్పించింది.

నీకు పదకొండేళ్ళు. సావిచ్ గారి క్లబ్బులో ఏదో పోటీ. నేను చర్చి నుంచి తిన్నగా వచ్చాను. తలగుడ్డ కట్టుకునే ఉన్నాను, చేతిలో ప్రార్థన రొట్టె ఉంది. కంచె పట్టుకుని నిలబడ్డాను. నువ్వు సర్వీసు చేసినప్పుడల్లా సిలువ గుర్తు వేసుకున్నాను. పెదవులు కదిలాయో ఏమో, నాకు తెలియలేదు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న తల్లులు కొందరు అక్కడ కుర్చీల్లో ఉన్నారు. వాళ్ళ పిల్లలు నన్ను చూసి నా లాగే చేసి నవ్వారు. నేను వాళ్ళని చూసి నవ్వాను. నువ్వు ఆ రోజు ఓడిపోయావు. నీకు నీళ్ళు పట్టుకొద్దామని బట్టలు మార్చుకునే గది వెనక కుళాయి దగ్గరికి వెళ్ళాను. అటు పక్క నువ్వు సావిచ్ గారితో అంటున్నావు: "మా అమ్మని రావద్దని చెప్పండి. ముసలమ్మలాగా గుడ్డ కట్టుకుని వస్తుంది, అందరూ నవ్వుతున్నారు. నాకు సిగ్గేస్తోంది." ఆయన ఏమన్నారో వినలేదు. నీళ్ళ సీసా బెంచీ మీద పెట్టి ఇంటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం సావిచ్ గారు నాకు ఆ మాట ఎలా చెప్పాలో తెలియక ఇబ్బంది పడతారని, నువ్వు నా ముఖం చూడలేకపోతావని, భోజనాల దగ్గర నేనే అన్నాను: నేను చూడబట్టే పిల్ల ఓడింది, ఇక నేను చూడను అని. నాయనమ్మ వెంటనే నమ్మింది. మీ నాన్న నవ్వాడు కానీ ఎదురు చెప్పలేదు. నువ్వు వరేనికీ కుడుములు ఇంకో నాలుగు వడ్డించుకున్నావు. నాకు అది చాలు అనిపించింది.

నిన్ను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. పదకొండేళ్ళ పిల్లకి సిగ్గు వేయడం పాపం కాదు. నువ్వు నా మీద అలిగావు కాబట్టి రాస్తున్నాను. నీ ఆట నాకు అక్కర్లేదని మాత్రం అనుకోకు. కానీ ఇప్పుడూ నేను రాలేను. ఆ రోజు కల్పించిన మాట ఇన్నేళ్ళలో నాకే నిజమైపోయింది. నేను చూడలేదు, నువ్వు గెలుస్తూ వచ్చావు. నా ముచ్చట కోసం దాన్ని కదిలించే ధైర్యం నాకు లేదు. టికెట్టు వెనక్కి ఇచ్చేయి.

ఈ ఆదివారం క్షమాపణ ఆదివారం, పెద్ద ఉపవాసానికి ముందు ఒకరికొకరు వంగి క్షమాపణ అడిగే రోజు. అక్కడ నీకు గుర్తుంటుందో లేదో. పోయినేడు మీ నాయనమ్మ నా ముందు ఎంత కిందికి వంగిందంటే, లేపడానికి పక్కింటి వాళ్ళని పిలవాల్సి వచ్చింది. ఎందుకంత అత్తయ్యా అంటే, చేసినవాటికే కాదు, ఇకముందు చేయబోయేవాటికి కూడా కలిపి అడిగేశాను, రోజూ వంగలేను కదా అంది.

మోకాలిని వెచ్చగా ఉంచుకో. జామ్ సావిచ్ గారికి కూడా పెట్టు, అడగరు కానీ ఇష్టం.

నీ మేలు కోరే
అమ్మ

* * *

వార్సా,
ఆదివారం పొద్దున

అమ్మా,

ఇది హోటలు కాగితం. రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. నాయనమ్మ చర్చిలో ఉన్నప్పుడే చదువు. నిన్న రాత్రే టైపు చేద్దామనుకున్నాను, చేతకాలేదు. నువ్వు చేత్తో రాస్తే నేను బొటనవేలితో జవాబివ్వడమేమిటి అనిపించింది. నా రాత నీకు అర్థమవుతుందో లేదో, సావిచ్ అయితే కోడి గీకినట్టుంది అన్నాడు.

నాకు తెలుసమ్మా. మొదటి నుంచీ తెలుసు. కుళాయి గోడ పొట్టిది. నువ్వు వంగి నీళ్ళు పడుతుంటే నీ తలగుడ్డ అంచు నాకు కనిపించింది, ఆ నీలం పూల గుడ్డ. కనిపించాక కూడా నేను మాట ఆపలేదు. తర్వాత బెంచీ మీద సీసా చూశాను. మూత గట్టిగా బిగించి ఉంది, నువ్వు బిగించినట్టు. సాయంత్రం నువ్వు అదృష్టం అంటూ ఏదో చెప్పావు. అది నా కోసం చెప్పావని అప్పుడే అర్థమైంది. వరేనికీలు ఎందుకు వడ్డించుకున్నానో తెలుసా? తల ఎత్తకుండా ఉండటానికి.

నేను బాధపడ్డాను అని రాస్తే అబద్ధం. ఆ రోజు నాకు హాయిగా అనిపించింది. అదే నన్ను ఇన్నేళ్ళుగా తింటోంది. ఎన్ని హాళ్ళలో ఆడానో, ప్రతి చోటా ముందు ఆ కుర్చీల వైపు చూస్తాను. ఎవరి అమ్మో గోళ్ళు కొరుక్కుంటూ ఉంటుంది, ఎవరి అమ్మో నిద్రపోతూ ఉంటుంది. నాది టోపీ. ఒకసారి ఒక అమ్మాయి అడిగింది, మీ అమ్మకి నీ ఆట ఇష్టం లేదా అని. అవును, ఇష్టం లేదు అన్నాను. చూశావా, రెండోసారి కూడా నీ మీదకే తోశాను.

అలిగింది నీ మీద కాదమ్మా. నువ్వు ఆ మాట పట్టుకుని వదలకపోతే నేను ఎప్పటికీ క్షమాపణ అడగలేనని భయం వేసింది.

టికెట్టు వెనక్కి ఇవ్వను. తేదీ మాత్రం మార్చాను, శుక్రవారానికి. నేను అప్పటికి ఓడిపోతే ఊరు చూపిస్తాను. ఓడకపోతే కూర్చో. ఆ తలగుడ్డే కట్టుకుని రా. సర్వీసు సర్వీసుకీ సిలువ గుర్తు వేసుకో. ఎవరైనా నవ్వితే వాళ్ళ సంగతి నేను బంతితో చూసుకుంటాను.

ఈ రోజు ఏ రోజో నాకు గుర్తుంది. నన్ను క్షమించమ్మా.

యారిన్కా

* * *

రైల్లో, కీవ్ వైపు,
సోమవారం

నా తల్లీ,

రైలు కదిలాక నువ్వు ప్లాట్‌ఫారం మీద పరుగెత్తావు. మోకాలికి ఐసు కట్టుకున్న పిల్ల పరుగెత్తవచ్చా? చెబుదామంటే అద్దం మూసి ఉంది. అందుకే రాస్తున్నాను. నాకు రాయడం పట్టుబడినట్టుంది. ఎదుటి బెర్తు ఆవిడ ఇద్దరు పిల్లలతో ఇంటికి తిరిగి వెళుతోంది, వాళ్ళు నిద్రపోయారు. ఈ ఉత్తరం కీవ్ స్టేషనులో పోస్టు చేస్తాను.

నేను ఎలా వచ్చానో నీకు సరిగా చెప్పలేదు. నీ కాగితం చదివాక మూడు రోజులు నాలో నేను కొట్టుకున్నాను. సోమ, మంగళ, బుధ, నాయనమ్మ చక్కెర డబ్బా దగ్గర కూర్చుని మనదే, మనదే అంటూనే ఉంది. ఇప్పుడు వెళితే పాడుచేసినదాన్ని అవుతానా అని ఒక పక్క, వెళ్ళకపోతే ఆ కుర్చీ మళ్ళీ టోపీదేనా అని ఇంకో పక్క. యోసిఫ్ ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళి, పెద్ద ఉపవాసం మొదటి ఆదివారం పూజకి రాలేను, ఆట చూడటానికి వెళ్ళవచ్చా అని అడిగాను. నేను చూస్తే ఓడుతుందని భయం కూడా చెప్పాను. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకుని, "ఒదార్కా, బంతి ఎటు పడాలో నీ కళ్ళకి అప్పగించేంత తీరిక దేవుడికి లేదు. వెళ్ళు. అక్కడ ఎవరైనా నిన్ను చూసి నవ్వితే ఓర్చుకో, ఈ వారానికి అదే నీ ఉపవాసం" అన్నారు.

నాయనమ్మకి మాత్రం నిజం చెప్పలేకపోయాను. చెబితే తలుపుకి అడ్డంగా పడుకునేది. కీవ్ వెళ్ళి ఉపవాస ప్రార్థనలు చేసుకుని వస్తానన్నాను. జీవితమంతా ప్రార్థనే, మళ్ళీ కీవ్ దాకా ఎందుకు, దేవుడికి క్రెమెంచుక్ అడ్రసు తెలియదా అంది. అలా అన్నా, ప్రయాణానికి ముందు కాసేపు కూర్చోవాలనే పద్ధతి ప్రకారం నా పక్కన సంచి మీద కూర్చుంది. లేస్తూ, జాగ్రత్త, దారిలో ఆట సంగతి ఎవరినీ అడగకు, పిల్ల ఊపు మీదుంది అంది. అబద్ధం కాకూడదని కీవ్‌లో రైలు మారే మధ్యలో స్టేషను పక్క చర్చికి వెళ్ళి కొవ్వొత్తి వెలిగించాను. నీకూ, మీ నాన్నకీ, నేను ఆడిన మాటకీ.

వార్సా స్టేషనులో నువ్వు సెమీఫైనలు గెలిచి చెమట బట్టలతోనే వచ్చావు. నీ కాగితంలో చివరి మాటకి నేను అప్పటి దాకా జవాబు ఇవ్వలేదు. ఫోనులో ఇచ్చే మాట కాదు అది. జనం పెట్టెలు మన చుట్టూ తిప్పుకుని పోతున్నారు. నువ్వు వంగావు. దేవుడు క్షమిస్తాడు, నేనూ క్షమించాను అన్నాను. తర్వాత నేను వంగితే నువ్వు కంగారుపడ్డావు. నువ్వెందుకమ్మా అన్నావు. పద్ధతి తల్లీ, ఒక్కరే వంగితే అది సగమే.

ఇక మర్నాడు ఫైనలులో ఆ కుర్చీ సంగతి. సావిచ్ గారు టోపీ తీసి, రుమాలుతో కుర్చీ తుడిచి, ఆ టోపీని తన తల మీద పెట్టుకున్నారు. ఇన్నేళ్ళకి నా టోపీ నాకు వచ్చింది అన్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వారేమో, నేను చూడలేదు. నువ్వు బంతి పైకి ఎగరేసినప్పుడు నీ మెడ వెనక నరం ఒకటి కనిపిస్తుంది. మీ నాన్న లారీ చక్రం విప్పేటప్పుడు అచ్చం అలాగే. నాయనమ్మ అది ఎప్పుడూ చెప్పలేదు. కొట్టబోయే ముందు నువ్వు ఊపిరి బిగబడతావని చెప్పలేదు. ఓడిన బంతి తర్వాత జడ విప్పి మళ్ళీ కడతావని చెప్పలేదు. చెప్పడానికి ఆవిడకి మాత్రం ఏం తెలుసు? నిన్ను జడ వేసి బడికి పంపింది ఆవిడ కాదు కదా.

నేను సిలువ గుర్తు వేసుకుంటూనే ఉన్నాను. కాసేపటికి నీకు ఎదురు ఆడుతున్న చెక్ దేశం పిల్ల సర్వీసుకి కూడా వేసుకున్నాను. ఆ పిల్ల తల్లి అవతలి వరసలో చేతులు ఒళ్ళో నలుపుకుంటోంది. వేరే తల్లి కూతురు ఓడిపోవాలని నేను దేవుణ్ణి ఎలా అడగను? సావిచ్ గారు పంటి బిగువున అన్నారు: "ఒదార్కా గారూ, దయచేసి ఒక వైపుకే వేయండి. పైనున్న ఆయనకి తికమక అవుతుంది."

మూడో సెట్టులో నువ్వు ఓడిపోయావు. హాలంతా లేచి నీకు చప్పట్లు కొడుతుంటే, నేను ఒక్కదాన్నే కూర్చుని, వచ్చాను, పాడుచేశాను అనుకున్నాను.

ఆ తర్వాత కింద గదిలో జరిగింది నీకు తెలుసు. అయినా రాస్తాను, నాకు నమ్మకం కుదరాలి. నువ్వు మోకాలి మీద ఐసు పెట్టుకుని నేను తెచ్చిన రొట్టె తింటున్నావు. చెప్పానా తల్లీ, నేను రాకుండా ఉండాల్సింది అన్నాను. నువ్వు నమలడం ఆపావు.

"నువ్వు చూడకపోతే నేను ఓడలేదా అమ్మా?"

"ఎప్పుడో ఒకటి రెండు సార్లు. ఆ మణికట్టు నొప్పి అప్పుడు."

నువ్వు సావిచ్ గారి వైపు చూశావు. ఆయన టోపీ కళ్ళ మీదకి లాక్కున్నారు.

"అమ్మా, నేను దాదాపు ప్రతి వారమూ ఓడతాను. పోటీ అంటేనే అది. ఎంతమంది వెళ్ళినా చివరికి ఒక్కతే గెలుస్తుంది. మిగతా అందరం ఓడి, పెట్టె సర్దుకుని, ఇంకో ఊరు వెళతాం. నీకు ఎవరు చెప్పారు నేను ఓడనని?"

నీకు జవాబు ఇచ్చేలోపు నా ఫోను మోగింది. మీ నాయనమ్మ. నువ్వు స్పీకరు నొక్కావు.

ఆవిడ గొంతు నాకు మాట మాటా గుర్తుంది. "అయిపోయింది ఒదార్కా, మనదే. హాలంతా లేచి నిలబడింది, నా కళ్ళతో చూశాను. కప్పు మాత్రం ఆ చెక్ పిల్లకి ఇచ్చారు, పాపం చిన్నబుచ్చుకుంటుందని కాబోలు. మనదానికి గాజు పళ్ళెం ఇచ్చారు. కప్పు కంటే వెడల్పు. పళ్ళెంలో అయితే రొట్టెలైనా పెట్టుకోవచ్చు." ఆ వెంటనే అంది: "నువ్వు అక్కడ బాగా ప్రార్థించినట్టున్నావు."

నువ్వు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నావు. సావిచ్ గారు గోడ వైపు తిరిగారు. నేను అన్నాను: "ప్రార్థించానత్తయ్యా. రెండు చేతులా ప్రార్థించాను."

రైలెక్కినప్పటి నుంచి అదే ఆలోచిస్తున్నాను. నువ్వు ఓడిన ప్రతి రోజూ ఆవిడ చక్కెర డబ్బా ముందు కూర్చుని చూసింది. చూసి, నా వీపు వైపు తిరిగి, మనదే అంది. మీ నాన్న దగ్గర నుంచి ప్లస్ గుర్తు రాని రోజుల్లో కూడా అంది. అప్పుడైతే మరీ గట్టిగా అనేది, ఇప్పుడు గుర్తొస్తోంది. నేను పిండి చేతులతో దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంటే ఆవిడ వెనకాల ఏం చేసేదో నేనెప్పుడూ చూడలేదు. ఏడాదికోసారి నా ముందు అంత కిందికి ఎందుకు వంగేదో ఇప్పుడు తెలిసింది. మనదే అని ఆడిన ఆ అబద్ధాలన్నీ తన పట్టింపు నిలబెట్టుకోవడానికి కాదు. నేను కల్పించిన మాట నాకే గుచ్చుకోకుండా చూసింది.

నీ ఓటమి సంగతి కూడా మీ నాన్నకి రాశాను, నేను కూర్చుని చూశానని కూడా రాశాను. పొద్దున ప్లస్ గుర్తు వచ్చింది. వెంటనే ఇంకొకటి వచ్చింది. ఆయన ఎప్పుడూ ఒకటే పంపుతాడు కదా. నేను చాలాసేపు ఆ రెండో దాన్నే చూస్తూ ఉండిపోయాను.

ఇంటికి వెళ్ళాక నాయనమ్మ నీ గెలుపు నాకు మొదటి నుంచి చెబుతుంది. నేను వీపు పెట్టి పిండి కలుపుతూ వింటాను. పళ్ళెం ఎంత వెడల్పో మళ్ళీ అడుగుతాను. తర్వాతి పోటీ ఎక్కడో నాకు ముందే చెప్పు. నువ్వు గెలిచినా ఓడినా నాకు ఆ కుర్చీ కావాలి. కీవ్‌లో నేను వెళ్ళని చర్చిలు ఇంకా చాలా ఉన్నాయి.

ఈ కాగితాలు, ముందు పంపిన దానితో కలిపి, నీ పెట్టె అడుగున ఆ ఊలు మేజోళ్ళలో దాచుకో. పారేయకు. విలేకరులు అమ్మ గురించి అడిగితే నీకు తోచింది చెప్పు కానీ ఇవి చూపించకు. ఎవరికీ వద్దు. మీ నాయనమ్మకైతే అసలే వద్దు, ఆవిడ ఉన్నన్నాళ్ళూ నువ్వు ఓడిపోకూడదు.

నీ అమ్మ
ఒదార్కా